ఎనిమిదవ దినము

వాక్యభాగములు: లేవీయకాండము 14:1–32, 2 కొరింథీయులకు 2:5–11



నెల్లూరు, కావలి, ఒంగోలు, కందుకూరు ప్రాంతములనుండి ఈ చెన్నై నగరమునకు వచ్చి స్థిరపడిన మన తెలుగు బాప్తిస్టు కుటుంబములలో నర్సు లేని ఇల్లు అరుదు. నెల్లూరు మిషను ఆసుపత్రి, ఒంగోలు క్లఫ్ మెమోరియల్ ఆసుపత్రి కాలమునుండి మన ఆడబిడ్డలు ఈ పరిచర్యను పిలుపుగా ఎంచుకొనిరి. నేడు వారి కుమార్తెలు, మనుమరాండ్రు చెన్నై ఆసుపత్రులలోనే గాక గల్ఫ్ దేశములలోను, ఇంగ్లండులోను, అమెరికాలోను తెల్లని దుస్తులు ధరించి సేవ చేయుచున్నారు. వారినిబట్టి దేవునికి స్తోత్రము.

అయితే ఈ నెల మనము సాధారణముగా మాటలాడని ఒక సంగతిని మీ ముందుంచుచున్నాము. నొప్పి తగ్గించు మందు ఇతరులకు ఇయ్యవలసిన చెయ్యి, ఆ మందుకే బానిసయైన యెడల ఏమగును? ఆ సహోదరి పట్టుబడి, లేదా తానే ఒప్పుకొని, చికిత్స పొంది, సంవత్సరముల తరబడి పరీక్షలకు లోబడి, ఆ క్రమమంతయు పూర్తిచేసి తిరిగి వచ్చిన దినమున సంఘము ఆమెను ఎట్లు చేర్చుకొనవలెను? మా భారము ముఖ్యముగా ఈ రెండవ ప్రశ్నను గూర్చియే.

మొదట వ్యాధిని సరిగా ఎరుగవలెను. పెథిడిన్, మార్ఫిన్, ఫోర్ట్‌విన్ వంటి మందులు నర్సుకు దూరములో నుండునవి కావు. వార్డులో తాళము వేసిన బీరువా, దానికొక రిజిస్టరు, ఆ తాళపుచెవి ఆమె జేబులోనే యుండును. రోగిని ఎత్తి దించి నడుము పడిపోయిన స్త్రీ, వరుసగా నైట్ డ్యూటీలు చేసి నిద్ర కరవైన స్త్రీ, ఇంట దుఃఖమును మనస్సులో మింగిన స్త్రీ, ఆంప్యూలులో మిగిలిన కొంచెము మందును ఒకసారి వాడుకొనును. శరీరము దానికి అలవాటుపడి రేపు ఎక్కువ కోరును. ఎల్లుండి అది లేనిదే చెమటలు, వణకు, వాంతులు పట్టుకొనును. అప్పుడు ఆమె సుఖము కొరకు కాదు, నిలిచి పనిచేయుట కొరకే తీసికొనుచుండును. ఇది వ్యాధియని వైద్యులు చెప్పుచున్నారు. ఇందులో అబద్ధము, దొంగతనము కూడ కలిసియున్నవి గనుక ఇది పాపమని వాక్యము చెప్పుచున్నది. రెండును సత్యమే. వ్యాధికి చికిత్స కావలెను, పాపమునకు పశ్చాత్తాపము కావలెను. ఒకదానిని చెప్పి రెండవదానిని దాచువారు ఆమెకు సగము మేలే చేయుదురు.

మరియొకరిని కూడ మరువకూడదు. శస్త్రచికిత్స అయిన రాత్రి నొప్పితో మూలుగుచున్న రోగికి చేరవలసిన మందు చేరలేదు. ఆ రోగి కూడ దేవుని స్వరూపమందు చేయబడినవాడే. కనుక మన బిడ్డ గదా అని మూసిపెట్టుట ప్రేమ కాదు. మత్తయి 18:15లో ప్రభువు చూపిన క్రమము ప్రకారము మొదట ఆమెతో ఒంటరిగా మాటలాడవలెను. ఆమె ఆగనియెడల రోగుల నిమిత్తము పైవారికి తెలుపవలెను.

ఇక లేవీయకాండము తెరవండి. పదుమూడు, పదునాలుగు అధ్యాయములను చర్మవ్యాధుల పాఠమని మనలో అనేకులు దాటిపోవుదురు. ఒకసారి బాగుపడినవాని కొరకు దేవుడు ఎంత ఓపికతో ఏర్పాటు చేసెనో అక్కడ కనబడును.

అనుమానము కలిగినవానిని ఏడు దినములు ప్రత్యేకముగా ఉంచవలెను. ఏడవ దినమున యాజకుడు చూడవలెను. అవసరమైతే మరి ఏడు దినములు ఉంచి మరల చూడవలెను. యాజకుడు ఎవరిని బాగుచేయడు. స్వస్థత దేవునిది. యాజకుని పని కనిపెట్టుట, సాక్ష్యమిచ్చుట. మన ప్రభువు కుష్ఠరోగిని ముట్టి ఒక్క మాటతో శుద్ధునిగా చేసిన తరువాత కూడ, వెళ్లి యాజకునికి కనుపరచుకొనుమని పంపెను (మార్కు 1:44). అప్పటికే అతడు స్వస్థుడు గదా, మరల పరీక్ష ఎందుకు? అతడు తిరిగి జనుల మధ్య బ్రదుకవలసినవాడు. ప్రభువు ఎరిగిన స్వస్థతను ఊరు కూడ ఎరుగునట్లు ఒక బహిరంగ సాక్ష్యము కావలెను. పరీక్ష కృపకు విరోధి కాదు, కృప పొందినవానికి అది కాపుదల.

నర్సులకు ఏర్పడిన పర్యవేక్షణ క్రమములు సరిగా ఈ పనినే చేయుచున్నవి. అమెరికాలో 1980ల నుండి అనేక రాష్ట్రములు వీటిని స్థాపించెను. కాలిఫోర్నియాలో 1985లోను, టెక్సాసులో 1987లోను ఇట్టివి ఆరంభమాయెను. లైసెన్సు వెంటనే తీసివేయుటకు బదులు, ఒప్పందము వ్రాయించుకొని సాధారణముగా మూడు నుండి ఐదు సంవత్సరముల వరకు కనిపెట్టుచుందురు. ఏ దినమున పరీక్ష యుండునో ముందుగా తెలియదు. ప్రతి ఉదయము ఫోను చేసియో, మరియొక విధముగానో కనుగొని, పిలిచిన దినమున మూత్ర పరీక్షకు వెళ్లవలెను. వారము వారము కూటములకు హాజరు కావలెను. కొంతకాలము నార్కోటిక్ మందుల తాళపుచెవి చేతికియ్యరు. రాత్రి డ్యూటీ, ఓవర్‌టైము మీద కూడ తరచుగా హద్దులుండును. పనిస్థలములో ఒకరు ఆమెను గమనించి నివేదిక పంపుచుందురు. అక్కడి మన తెలుగు సంఘములలోని నర్సులకు ఈ సంగతులు తెలిసినవే.

మన చెన్నైలో ఈ భారమును ఎక్కువగా ఆసుపత్రి, కుటుంబము, స్వస్థత కూటములు కలిసి మోయవలసియున్నది. అడయారు దగ్గర ఇందిరా నగరులోని టి.టి. రంగనాథన్ క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషనును మీలో కొందరెరుగుదురు. మద్యపాన వ్యసనమువలన భర్తను కోల్పోయిన శాంతి రంగనాథన్ గారు తన దుఃఖమును ఇతరుల మేలుకై వెచ్చించి, 1980లో దానిని స్థాపించిరి. 1992లో ఆమెకు పద్మశ్రీ ఇయ్యబడెను. అక్కడ వ్యసనపరునికే గాక కుటుంబమువారికి కూడ ఉపదేశము చేయుదురు, ఏలయనగా ఇంటిలో ఒకడు బానిసయైతే ఇల్లంతయు రోగి యగును. ఆ అమ్మగారు మన విశ్వాసమువారు కాకపోయినను, గాయపడినవానియొద్ద ఆగిన సమరయుని పని అది.

చట్టము సైతము ద్వారము తెరచియుంచినది. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టములో 64ఎ అను సెక్షను ఉన్నది. కొద్ది పరిమాణమునకు సంబంధించిన నేరము మోపబడిన వ్యసనపరుడు తానుగా ముందుకు వచ్చి ప్రభుత్వము నడుపు లేదా గుర్తించిన స్థలములో చికిత్స పొందినయెడల, అతని మీద విచారణ జరుగకుండ రక్షణ కలదు. అయితే చికిత్సను పూర్తిచేయకపోతే ఆ రక్షణ తీసివేయబడవచ్చును. ప్రియులారా, రాజ్యము వ్రాసిన చట్టము కూడ ఆరంభించినవానికి కాదు, ముగించినవానికి మేలు నిలుపుచున్నది.

మన బాప్తిస్టు చరిత్రలోనే దీనికి సాదృశ్యము కలదు. 1876 నుండి 1878 వరకు వచ్చిన ఘోర కరవులో క్లఫ్ దొరగారు బకింగ్‌హాము కాలువలో కొంత భాగము త్రవ్వించు కాంట్రాక్టు తీసికొని, ఆకలితోనున్న వేలమందికి కూలి కల్పించిరి. ఆ కాలములో అనేకులు బాప్తిస్మము అడిగిరి. అన్నము కొరకు వచ్చితిరను మాట వారిమీద రాకుండునట్లు కరవు సహాయము జరుగుచున్నంత కాలము ఆయన ఇయ్యలేదు. ఆ తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. కనిపెట్టిన కాలము వారికి అవమానము కాలేదు, వారి విశ్వాసమునకు సాక్ష్యమాయెను. ఆ కాలువయే నేడు మన చెన్నై నగరము గుండా, అడయారు ప్రక్కగా పోవుచున్నది. మనము దుర్వాసన అని ముక్కు మూసికొని దాటు ఆ నీళ్ల వెనుక మన పితరుల చెమట, సహనము ఉన్నవి.

అయితే క్లఫ్ దొరగారు నిరీక్షించుటకు ఒక ముగింపు ఉంచిరి. కరవు తీరినది, నదిలోనికి నడిపించిరి. ఇదియే మా ప్రసంగమునకు ప్రాణము. లేవీయకాండములోని ఏడు దినములకు ఎనిమిదవ దినము కలదు. పర్యవేక్షణ క్రమమునకు చివరి తేదీ కలదు. ఆ తేదీన ఒక పత్రము వచ్చును, ఇక నీవు పరీక్షకు రానక్కరలేదని వ్రాయుదురు. సంఘములోని గుసగుసకు మాత్రము చివరి తేదీ ఎక్కడ ఉన్నది? ఐదు సంవత్సరములు ప్రతి పరీక్షలో నిలిచిన సహోదరిని గూర్చి, ఆరవ సంవత్సరమున పెండ్లి సంబంధము వచ్చినప్పుడు, "మీకు తెలియదా, ఆ అమ్మాయి అప్పట్లో..." అని చెవిలో చెప్పువారెవరు? బయటివారు కారు, ప్రభు బల్లయొద్ద మన ప్రక్కన కూర్చుండువారే.

కొరింథు సంఘములో ఒకడు తప్పుచేసి శిక్షింపబడెను. పౌలు ఆ సంఘమునకు వ్రాయుచు, అనేకులవలన అతనికి కలిగిన శిక్ష చాలునని, ఇక క్షమించి ఆదరింపవలెనని బోధించెను. లేనియెడల అతడు అధికమైన దుఃఖములో మునిగిపోవునని, సాతాను దానివలన లాభము పొందునని హెచ్చరించెను (2 కొరింథీ 2:6–11). చాలును అను మాటను గమనించండి. శిక్షించుట తెలిసిన సంఘములు అనేకము. చాలును అని చెప్పుట తెలిసిన సంఘము అరుదు. ప్రభుత్వము, కౌన్సిలు, ఆసుపత్రి చెప్పగలిగిన ఈ మాటను రక్తముచేత కొనబడిన సంఘము చెప్పలేకపోవుట తగునా?

తిరిగి లేవీయకాండము 14లోనికి వెళ్లుదము. నాలుగు సంగతులు చూడండి.

ఒకటి, మూడవ వచనములో యాజకుడే పాళెము వెలుపలికి వెళ్లవలెను. రోగి లోనికి వచ్చి నన్ను చేర్చుకొనుడని బతిమాలుకొనలేదు. కనుక డీ-అడిక్షన్ కేంద్రములో ఒక సహోదరి ఉన్నప్పుడు పాస్టరుగారు, పెద్దలు వెళ్లి చూడవలెను. గుండె ఆపరేషను అయినవారి యొద్దకు పండ్లు తీసికొని వెళ్లు స్త్రీల సమాజము, ఇక్కడికి వెళ్లుటకు సిగ్గుపడనేల?

రెండు, ఇరువది యొకటవ వచనములో బీదవాని కొరకు వేరే క్రమము ఉన్నది. మూడు గొఱ్ఱెలు తేలేనివాడు ఒక గొఱ్ఱెపిల్లను, రెండు గువ్వలనైనను పావురపు పిల్లలనైనను తేవచ్చును. డబ్బు లేదని ఎవని శుద్ధియు ఆగిపోకూడదు. చికిత్సకు ఖర్చగును, ఆ నెలలలో జీతము రాదు. అమెరికాలో పరీక్షల రుసుము తరచుగా ఆ నర్సే కట్టుకొనును. మన సంఘముల బీదల నిధిలోనుండి మాటలేకుండ, పేరు చదువకుండ ఇచ్చు సహాయము ఈ వచనమునకు లోబడుటయే.

మూడు, ఎనిమిదవ దినమున రక్తమును, దానిమీద నూనెను అతని కుడిచెవి కొనమీదను, కుడిచేతి బొటనవ్రేలిమీదను, కుడికాలి బొటనవ్రేలిమీదను ఉంచవలెను. ఇవే స్థలములను మనము మరియొకచోట చూచితిమి. లేవీయకాండము 8లో అహరోనును యాజకునిగా ప్రతిష్ఠించినప్పుడు రక్తము ఉంచిన స్థలములు ఇవే. ఎంత ఆశ్చర్యము! నిన్న పాళెము వెలుపల కూర్చున్నవానికిని, ప్రధానయాజకునికిని గురుతులు ఒకే స్థలములలో. దేవుడు అతనిని వెనుక వరుసలో కూర్చుండనిచ్చుటకు మాత్రమే తీసికొనిరాలేదు. రోగి పిలుపు వినవలసిన చెవి, సూది పట్టవలసిన చెయ్యి, రాత్రి వార్డులో మంచము మంచమునకు నడువవలసిన పాదము, ఈ మూడును ప్రభువు మరల తనవిగా చేసికొనును. ఆ సహోదరి తిరిగి డ్యూటీలో చేరినప్పుడు, అది మనుష్యులిచ్చిన అవకాశము మాత్రమే కాదు, ప్రతిష్ఠ.

నాలుగు, 13:7 ప్రకారము శుద్ధుడని చూపించుకొనిన తరువాత మచ్చ మరల వ్యాపించినయెడల అతడు మరల యాజకునికి కనబడవలెను. దేవునికి మన బలహీనత ముందే తెలియును. మరల జారినవారు దాగుకొనక, అదే దినమున తిరిగి చూపించుకొనవలెను. ద్వారము రెండవసారి కూడ ఉన్నది.

ఇప్పుడు మన ఇండ్లలో, ప్రేమవిందులలో చేయవలసిన కొన్ని చిన్న సంగతులు చెప్పుదుము. వీటిని చిన్నవని తలంచకండి. మన మాంసపు కూరలలో గసగసాలు నూరి వేయుదుము. గసగసాలు నల్లమందు మొక్క గింజలే గనుక, అవి తిన్నవారి మూత్రములో మార్ఫిన్ జాడ కనబడవచ్చును. పర్యవేక్షణలో నున్న సహోదరికి ప్రేమతో వడ్డించిన కూర, నాలుగు సంవత్సరముల సాక్ష్యమును సందేహములో పడవేయగలదు. ఆమె వద్దన్నప్పుడు "ఒక్క ముద్ద తిను తల్లీ" అని బలవంతపెట్టవద్దు. క్రిస్మసు కేకులో రమ్ము కలుపవద్దు. మద్యము కలిసిన దగ్గు మందు ఇయ్యవద్దు. ప్రభు బల్లయొద్ద పులియని ద్రాక్షరసమే యుండవలెను. 1869లో వెల్చ్ అను దంతవైద్యుడు అమెరికాలో ద్రాక్షరసము పులియకుండ కాచి సీసాలలో నిలువచేయు పద్ధతిని కనుగొనినది ఈ సంస్కారము కొరకే.

కొందరికి వైద్యులు నాల్‌ట్రెక్సోన్ వంటి మాత్రలు వ్రాయుదురు. ప్రార్థన ఉండగా మాత్ర ఎందుకని అడుగకండి. షుగరు మాత్ర మ్రింగి ప్రార్థనకు వచ్చు మనము ఆ మాట అనరాదు. సాయంత్రపు కూటములకు వెళ్లుచున్నదని, అక్కడ యేసు పేరు తరచుగా వినబడదని ఆమెను ఆపకండి. ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సహవాసము 1935 జూన్ 10ని తన పుట్టినదినముగా ఎంచుచున్నది. ఆ దినము ఒహాయో రాష్ట్రములోని ఏక్రన్ పట్టణమున డాక్టర్ బాబ్ స్మిత్ అను శస్త్రవైద్యుడు చివరిసారి త్రాగిన దినము. తానును వైద్యుడే, తానును వ్యసనపరుడే. తరువాత ఆయన సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఇగ్నేషియా అను సన్యాసినితో కలిసి 1950లో మరణించువరకు వేలమంది త్రాగుబోతులకు ఉచితముగా సేవ చేసెను. లైసెన్సు పోగొట్టుకొనవలసిన చేతులు అనేకులను లేవనెత్తెను.

మరియొక మనవి. ఆమె క్రమము ముగిసిన ఆదివారమున ఆమెను వేదికమీదికి పిలిచి సాక్ష్యము చెప్పుమని ఒత్తిడి చేయవద్దు. ఆ కథ ఆమెది, చెప్పు కాలము ఆమె ఎరుగును. ఆమె ఎదుట పెట్టవలసినది మైకు కాదు, పని. సండే స్కూలు పిల్లల తరగతి, రోగుల పరామర్శ, వైద్య శిబిరము, ఏది ఆమెకు తగినదో దానిని అప్పగించండి. మార్కు పంఫూలియలో పనిని విడిచి వెళ్లెను (అపొ. కార్య. 13:13). ఒకప్పుడు అతనిని వెంటబెట్టుకొని పోవుటకు ఇష్టపడని పౌలే, చెరసాలలో చివరి కాలమున అతడు పరిచర్యకు ప్రయోజనకరుడని చెప్పి పిలిపించుకొనెను (2 తిమోతి 4:11). పాత తప్పును లెక్కించుటకు కాదు, పనికి పిలిపించెను.

మన బాప్తిస్టు సంఘములలో అనేకచోట్ల చదువు సంఘ నిబంధన, 1853లో అమెరికాలో న్యూటన్ బ్రౌన్ గారు ప్రచురించినది, సభ్యులు ఒకరినొకరు ప్రేమతో కనిపెట్టియుండవలెనని కోరుచున్నది. కనిపెట్టుట అనగా ఇదియే. తప్పు దొరకునాయని తొంగిచూచుట కాదు, పడకుండునట్లు ప్రక్కన నడుచుట. ఒక సహోదరి పరీక్షకు వెళ్లు ఉదయము ఆమె పసిబిడ్డను చూచుకొనుటకు మన ఇంటి తలుపు తెరచియుండుట. రాత్రి పదిగంటలకు ఆమె మనస్సు కలతచెంది ఫోను చేసినయెడల తీసికొనుట.

ఈ మాటలు చదువుచున్న సహోదరీ, నీవు ఇంకను ఏడు దినముల మధ్యలో ఉన్నయెడల, నిరాశపడకుము. గుడారము వెలుపల నీవు గడుపుచున్న దినములను ప్రభువు లెక్కించుచున్నాడు, ఎనిమిదవ దినము ఆయన నియమించినది. ఇంకను ఎవరికి చెప్పక దాచుచున్నయెడల, ఈ రాత్రియే ఒకరితో చెప్పుము. నీవు ముగించినయెడల, తల యెత్తి లోనికి రమ్ము.

సంఘమా, ఆమె వచ్చినప్పుడు చాలును అని చెప్పి, ప్రక్కకు జరిగి, మన బల్లమీద ఆమెకు చోటు ఇత్తుము గాక. సమాధానకర్తయైన దేవుడు మన ఆసుపత్రులలో సేవ చేయుచున్న బిడ్డలందరిని కాపాడును గాక. ఆమేన్.